నీటి పరీక్షలో అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి, మరి వాగులో పురుగులు ఏమయ్యాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక పరిశ్రమ తన వ్యర్థజలాన్ని శుద్ధి చేసి ఒక గొట్టం ద్వారా వాగులోకి వదులుతోంది. ఆ గొట్టానికి దిగువన, రెండేళ్ళ క్రితం ఏ రాయి ఎత్తినా కనిపించిన పురుగులు ఇప్పుడు లేవు, చిన్న చేపలూ పలచబడ్డాయి. నీటిని ప్రయోగశాలకు పంపితే అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని నివేదిక వచ్చింది. నివేదికను నమ్మాలా, కళ్ళను నమ్మాలా, అసలు రసాయనాల వల్లే ఈ నష్టం జరిగిందని ఎలా తేల్చాలి అని అడిగారు.

రెండింటినీ నమ్మండి. అవి చెబుతున్నవి రెండు వేరువేరు సంగతులు. సీసా నింపిన ఆ అర నిమిషంలో వాగులో ఏముందో నివేదిక చెబుతుంది, అదీ మీరు వెతకమన్న పదార్థాల వరకే. గడిచిన కొన్ని నెలల్లో ఆ నీటిలో ఏం జరిగిందో రాళ్ళ కింది జీవులు చెబుతాయి, కానీ ఎందుకు జరిగిందో చెప్పవు. అందుకని జీవుల లెక్క, నీటికీ అడుగు మట్టికీ రసాయన పరీక్ష, ఆ నీటిలో ఆరోగ్యంగా ఉన్న జీవిని పెట్టి చూసే విషప్రభావ పరీక్ష, ఈ మూడూ ఒకే వైపు వేలు చూపించినప్పుడు రసాయనమే కారణమని గట్టిగా చెప్పవచ్చు. ఏదో ఒక్కదానితో తేల్చేసిన కేసులు తర్వాత తిరగబడటం చాలాసార్లు చూశాను. వాటిలో ఒకటి నాదే.

ఇరవై ఏళ్ళకు పైగా వాగుల్లో దిగి పురుగులు లెక్కపెట్టడం నా వృత్తి. కాబట్టి నా మొగ్గు జీవుల వైపే ఉంటుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

నివేదిక ఎందుకు శుభ్రంగా వస్తుంది

మొదటి కారణం సమయం. పురుగుమందులు గానీ, ట్యాంకులు కడిగిన నీళ్ళు గానీ రోజంతా ఒకే తీరున వాగులోకి రావు. వాన పడిన కొన్ని గంటల్లోనో, రాత్రిపూట ఎవరో వాల్వు తిప్పినప్పుడో ఒక్క ఊపున వచ్చి వెళ్ళిపోతాయి. నెలకొకసారి, ఎండ కాస్తున్న రోజున, ఆఫీసు వేళల్లో తీసే నమూనాకు అవి చిక్కడం లాటరీ తగలడమే. పురుగులకు మాత్రం ఆ నాలుగు గంటలు చాలు.

రెండోది జాబితా. ప్రయోగశాల తన దగ్గరున్న జాబితాలోని పదార్థాలనే వెతుకుతుంది. అమెరికా వాయవ్య తీరంలో, ప్యూజెట్ సౌండ్ పరిసరాల పట్టణ వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన కురిసిన కొద్ది గంటల్లోనే దిక్కు తెలియనట్టు గిరగిరా తిరిగి చచ్చిపోయేవి. దాదాపు రెండు దశాబ్దాలు లోహాలు, పురుగుమందులు, చమురు అవశేషాలు అన్నీ వెతికారు. ఏదీ లెక్కకు సరిపోలేదు. చివరికి 2020లో అసలు దోషి బయటపడింది. టైర్ల రబ్బరు బీటలు వారకుండా కలిపే 6పీపీడీ అనే పదార్థం ఓజోన్ తగిలి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతోంది, రోడ్ల మీది టైరు పొడితో పాటు వాననీటిలో కొట్టుకొచ్చి వాగులో దిగుతోంది. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు, కోహో చచ్చిపోతుంది. దాని దగ్గరి చుట్టం చమ్ సాల్మన్ మాత్రం అదే నీటిలో హాయిగా ఈదుతుంది. ఆ ఇరవై ఏళ్ళలో ఏ ప్రయోగశాల జాబితాలోనూ ఈ పేరు లేదు. అంటే నివేదికలన్నీ నిజమే చెప్పాయి, చేపలూ నిజంగానే చచ్చాయి.

మూడోది, "గుర్తించబడలేదు" అన్న మాట. దాని అర్థం "లేదు" అని కాదు, పరికరం పట్టగలిగే కనిష్ఠ మోతాదు కన్నా తక్కువ ఉందని. పైరిథ్రాయిడ్ జాతి కీటకనాశినులు లీటరుకు కొన్ని నానోగ్రాముల దగ్గరే సున్నితమైన జీవులను దెబ్బతీస్తాయి. మామూలు పరీక్షల కనిష్ఠ మోతాదు చాలాసార్లు అంతకన్నా ఎక్కువే. అందుకని నివేదికలో ఆ మాట ఎక్కడ కనిపించినా, కనిష్ఠ గుర్తింపు మోతాదు ఎంతో రాసి ఇమ్మని అడగండి. అడిగితే ఇస్తారు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

నాలుగోది నాకు బాగా ఇష్టమైన విషయం: అంకె ఒకటే, విషం వేరు. అమ్మోనియానే తీసుకోండి. నివేదికలో మొత్తం అమ్మోనియా అని ఒక అంకె ఉంటుంది. చేపల మొప్పల్లోంచి సులువుగా లోపలికి చొరబడేది అందులోని అయానుగా మారని భాగం. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది, 9కి చేరితే 36 శాతం. ఒకసారి ఒక వాగులో పొద్దున తీసిన నమూనాలన్నీ భేషుగ్గా వస్తున్నాయి, చేపలు మాత్రం చస్తున్నాయి. రోజంతా గట్టున కూర్చుని గంటకొకసారి పీహెచ్ కొలిచాను. నాచు దట్టంగా పట్టిన వాగు అది. ఎండ ఎక్కేకొద్దీ నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. పొద్దున 7.5 దగ్గరున్న పీహెచ్ మధ్యాహ్నం మూడు గంటలకు 9 దాటింది. అమ్మోనియా అంకె మారనే లేదు, దాని విషం మాత్రం పదుల రెట్లు పెరిగింది. కరిగిన ఆక్సిజన్ కథ దీనికి తలకిందులు, అది తెల్లవారుజామున అడుగంటుతుంది. కాబట్టి ఒకే వేళలో నమూనాలు తీసేవారికి ఈ రెండింటిలో ఒకటి ఎప్పటికీ దొరకదు.

రాగి కూడా అంతే. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం మొప్పల మీద చోటు కోసం రాగితో పోటీపడతాయి. ఆకులు కుళ్ళి టీ రంగుకు తిరిగిన నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం రాగిని పట్టి ఉంచుతుంది. అదే మోతాదు రాగి, కొండల్లోంచి వచ్చే మృదువైన స్వచ్ఛమైన నీటిలో ప్రాణాంతకం. అమెరికా పర్యావరణ సంస్థ 2007లోనే కఠినత్వం ఒక్కటే చూసి రాగి పరిమితిని లెక్కగట్టే పద్ధతి వదిలి, నీటి మొత్తం రసాయన స్వభావాన్ని బట్టి లెక్కగట్టే విధానానికి మారింది. మీ నివేదికలో కఠినత్వం, పీహెచ్, ఉష్ణోగ్రత, కరిగిన సేంద్రియ కర్బనం లేకపోతే, లోహాల అంకెలు సగం వాక్యాలే.

ఇక మిశ్రమాల సంగతి. పది పదార్థాలు ఒక్కొక్కటీ పరిమితిలో ఉండి, అన్నీ ఒకే తీరున పనిచేసేవైతే, వాటి విషప్రభావం కూడుతుంది. ప్రతి పదార్థం మోతాదును, సగం జీవులను దెబ్బతీసే మోతాదుతో భాగించి, వచ్చినవన్నీ కలపండి. దీన్ని విష ప్రమాణాల మొత్తం అంటాం. ముతక లెక్కే, కానీ ఏ పదార్థం మీద ముందు కన్నేయాలో చెబుతుంది.

పోలిక దేనితో

నేను ముందు చెప్పిన నా తప్పు ఇక్కడే జరిగింది. వృత్తిలో చేరిన కొత్తలో ఒక గొట్టానికి ఎగువన, దిగువన పురుగులు పట్టాను. ఎగువన ముప్ఫై రకాలు, దిగువన తొమ్మిది. ఉత్సాహంగా నివేదిక రాసేశాను. మా పెద్దాయన దాన్ని చదివి ఒకే ప్రశ్న అడిగారు: "రెండు చోట్లా అడుగు ఒకేలా ఉందా?" లేదు. ఎగువన గులకరాళ్ళ మీద గలగలా పారే నీరు. దిగువన ఒక చిన్న అడ్డుకట్ట వెనక నిలిచిన మడుగు, అడుగంతా మెత్తని ఒండ్రు. అక్కడ గొట్టం లేకపోయినా ఆ ముప్ఫై రకాలూ ఉండవు. నివేదిక వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు దిగువకు నడిచి, రాళ్ళ మీద పారే చోటు వెతికి మళ్ళీ పట్టాను. తేడా ఉంది, కానీ నేను రాసినంత లేదు.

కాబట్టి పోల్చే చోట్లు కాలుష్యంలో తప్ప మిగతా అన్నింటిలో ఒకేలా ఉండాలి: నీటి వేగం, లోతు, అడుగు రాళ్ళ పరిమాణం, చెట్ల నీడ, వాగు వెడల్పు. ఎగువ చోటు ఒక్కటే సరిపోదు. వీలైతే పక్క లోయలో ఇదే రకం వాగును ఇంకో పోలికగా పెట్టుకోండి. ఎందుకంటే ఎగువకూ దిగువకూ మధ్య ఇంకేదైనా పిల్లకాలువ కలుస్తుండవచ్చు. దాని పాపం గొట్టం ఖాతాలో పడుతుంది.

వాగుకు సంబంధించిన పాత లెక్కలు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో ఆరా తీయండి. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఎగువన ఎంత మారింది, దిగువన ఎంత మారింది అనే నాలుగు గళ్ళూ నిండితే వాదన చాలా బలపడుతుంది. మీ రెండేళ్ళ కిందటి జ్ఞాపకం ఒక ఆనవాలు, అంతవరకే. పోయిన సంవత్సరం పెద్ద వరద వచ్చిందా, వాగు ఎండిందా అన్నదీ చూడాలి. రాళ్ళను దొర్లించే వరద ఏ విషానికీ తీసిపోకుండా అడుగును ఊడ్చేస్తుంది.

గణాంకాల గురించి ఒక్క మాట. ఒకే చోట పది సార్లు వల వేసి, "పది నమూనాలు తీశాను" అని లెక్కలు కట్టేవారు చాలామంది. మీరు తెలుసుకున్నది ఆ ఒక్క చోటు గురించే. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1984లోనే ఈ తప్పును ఎండగట్టారు, అయినా అది ఇంకా చావలేదు. పది వలలు ఒకే చోట వేసే బదులు ఐదు చోట్ల రెండేసి వేయండి.

ఎవరు పోయారు, ఎవరు మిగిలారు

నా ఉద్దేశంలో మొత్తం విచారణలో అసలైన భాగం ఇది. "జీవవైవిధ్యం తగ్గింది" అనే వాక్యంతో ఏ పనీ కాదు. ఏ జాతులు పోయాయో చూస్తే కాలుష్యం ఏ రకమో చాలావరకు తెలిసిపోతుంది.

మురుగు, సేంద్రియ వ్యర్థాలు కలిస్తే ఆక్సిజన్ పడిపోతుంది. రాళ్ళ కింద పెరిగే మేఫ్లై, స్టోన్‌ఫ్లై అనే కీటకాల పిల్లపురుగులు మొదట పోతాయి. బురదలో సన్నని ఎర్రటి వానపాము జాతి పురుగులు, కైరోనోమస్ అనే దోమలాంటి ఈగ పిల్లలు లక్షల్లో పెరుగుతాయి. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. దానితోనే అవి ఆక్సిజన్ కరువును తట్టుకుంటాయి. రాళ్ళ మీద బూడిదరంగు దూది పింజల్లాంటి బ్యాక్టీరియా తెర కడుతుంది. దీన్ని ఒకసారి చూసినవారు మళ్ళీ మరచిపోరు, వాసన కూడా అలాంటిదే.

లోహాలైతే బొమ్మ వేరు. మొత్తం సంఖ్య తగ్గుతుంది, ఎర్ర పురుగుల విజృంభణ ఉండదు. రాళ్ళకు బల్లపరుపుగా అతుక్కునే హెప్టజీనిడే కుటుంబపు మేఫ్లైలు ముందుగా మాయమవుతాయి. నత్తలూ మిగలవు. వలలు అల్లే కాడిస్‌ఫ్లై అనే కీటకాల పిల్లలు, ఆర్థోక్లాడినే రకం చిన్న ఈగల పిల్లలు మాత్రం చాలాసార్లు నిలబడతాయి. రాళ్ళు నారింజ రంగుకు తిరిగితే గని నీరు కలుస్తోందేమో చూడండి, అది ఇనుము తుప్పు.

ఆమ్లం మనల్ని ఇంకో తీరులో మోసం చేస్తుంది. పీహెచ్ ఐదున్నరకు దిగితే నత్తలు, గామరస్ లాంటి చిన్న రొయ్య జాతి జీవులు, చాలా మేఫ్లైలు పోతాయి. నేలలోంచి కరిగి వచ్చే అల్యూమినియం చేపల మొప్పలను పూడ్చేస్తుంది. కానీ కొన్ని స్టోన్‌ఫ్లైలు ఆ నీటిలోనూ దర్జాగా ఉంటాయి. స్టోన్‌ఫ్లై కనిపిస్తే నీరు స్వచ్ఛమని పాఠాల్లో చదువుకున్నవారు ఇక్కడ బోల్తా పడతారు. నేనూ ఒకసారి పడ్డాను. వలలో నిండా స్టోన్‌ఫ్లైలు, మనసు నిండా సంతోషం, పీహెచ్ కాగితం ముంచితే ఐదు.

కీటకనాశిని వస్తే కీటకాలు, రొయ్య జాతి జీవులు ఖాళీ అవుతాయి, నత్తలు, జలగలు, వానపాము జాతి పురుగులు చెక్కుచెదరవు. ఆ మందులు చాలావరకు కీటకాల నాడులకు గురిపెట్టి తయారుచేసినవి కాబట్టి అది సహజమే. ఏడాదికి ఒకే తరం పుట్టే జాతులు, ఎగిరి దూరం పోలేనివి ఎక్కువ కాలం కనిపించవు. ఈ లక్షణాలను పట్టుకునే జర్మనీలో లీస్, ఫాన్ డెర్ ఓహె 2005లో స్పియర్ అనే సూచికను రూపొందించారు. కలుపు మందులైతే మొదటి దెబ్బ రాళ్ళ మీద డయాటమ్ అనే సూక్ష్మ నాచు కట్టే పూత మీద పడుతుంది, పురుగుల్లో మార్పు ఆలస్యంగా, పరోక్షంగా వస్తుంది.

ఈ ఆనవాళ్ళు ఒకసారి ఒక పరిశ్రమను నిర్దోషిగా తేల్చాయి. అది లోహపు పూతలు వేసే పరిశ్రమ. అందరి వేళ్ళూ దాని వైపే. గొట్టం దిగువన కీటకాలు లేవు, కానీ నత్తలు పుష్కలంగా ఉన్నాయి. లోహాలైతే నత్తలు ఇంత నిక్షేపంగా ఉండవు కదా అని అనుమానం వచ్చి గట్టు వెంట నడిచాను. గొట్టానికి వంద మీటర్ల ఎగువన, పొదల వెనక, పొలాల నుంచి వచ్చే చిన్న మురుగు కాలువ ఒకటి వాగులో కలుస్తోంది. నా ఎగువ పోలిక చోటు దానికన్నా పైన ఉంది. తర్వాతి వానకు ఆ కలయిక పైన ఒకటి, కింద ఒకటి సన్నని వలలు కట్టాం. కీటకాల పిల్లలు మామూలుగా రాత్రిపూట పట్టు వదిలి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. ఆ రోజు పట్టపగలు కింది వల నిండింది, వాటిలో చాలావరకు వణుకుతున్నాయి. అప్పుడు తీసిన నీటిలో కీటకనాశిని దొరికింది. ఎండ కాసిన రోజుల్లో తీసిన ఏ నమూనాలోనూ అది లేదు.

ఏ జీవులు ఉన్నాయో చూసి నీటికి మార్కులు వేసే సూచికల అంకెలను గుడ్డిగా వాడవద్దని నేను అనేది కూడా అందుకే. 1900ల తొలి దశకంలో జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ మొదలుపెట్టిన పద్ధతి నుంచి, 1970ల చివర్లో బ్రిటన్‌లో వచ్చిన బీఎండబ్ల్యూపీ దాకా చాలా సూచికలు మురుగును దృష్టిలో పెట్టుకుని కట్టినవి. బీఎండబ్ల్యూపీలో ప్రతి కుటుంబానికి 1 నుంచి 10 వరకు మార్కులు. వానపాము జాతికి 1, చాలా స్టోన్‌ఫ్లై కుటుంబాలకు 10. నా ఆమ్ల వాగుకు ఆ లెక్కన సగటు మార్కులు బ్రహ్మాండంగా వచ్చేవి. సూచిక వేయండి, దాని పక్కనే జాతుల జాబితా మొత్తం పెట్టండి.

పట్టే పద్ధతి క్లుప్తంగా: అర మిల్లీమీటరు కన్నుల వల, ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దాని ముందు అడుగును కాలితో మూడు నిమిషాలు కదపండి. అన్ని చోట్లా అంతే సమయం, వీలైతే అదే మనిషి. 70 శాతం ఆల్కహాల్‌లో నిలవ చేసి, తీరిగ్గా సూక్ష్మదర్శిని కింద వేరుచేయండి. నీటిలోని డీఎన్ఏతో జాతులను గుర్తించే పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. మంచిదే, కానీ ఆ డీఎన్ఏ ఎగువ నుంచి కొట్టుకొచ్చినదీ కావచ్చు. గొట్టానికి పైనా కిందా తేడా వెతికే పనికి అది నాకు నచ్చదు.

ఆ నీటిలో జీవిని పెట్టి చూడటం

జీవులు తగ్గాయి, రసాయనం ఉంది. ఆ రసాయనానికి ఈ పని చేసే శక్తి ఉందా అన్నది మూడో ప్రశ్న. ప్రయోగశాలల్లో మామూలుగా చేసే పరీక్షలు మూడు: నాచుతో 72 గంటలు, డాఫ్నియా అనే చిన్న రొయ్య జాతి జీవితో 48 గంటలు, చేపలతో 96 గంటలు. గొట్టం నీటినీ, దిగువ నీటినీ, ఎగువ నీటినీ పక్కపక్కన పెట్టి చేయించండి. ఎగువ నీరు లేకుండా మిగతా రెండింటికే చేయించడం డబ్బు దండగ.

డాఫ్నియా బతికింది కాబట్టి నీరు సురక్షితం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది నిలకడ నీటి జీవి, వాగు కీటకాల తరఫున మాట్లాడే అర్హత దానికి లేదు. ఇమిడాక్లోప్రిడ్ అనే కీటకనాశినితో డాఫ్నియాను 48 గంటల్లో కదలకుండా చేయాలంటే లీటరుకు పదుల మిల్లీగ్రాములు కావాలి. మేఫ్లై పిల్లలకు అదే మందు కొన్ని వారాలు తగిలితే లీటరుకు ఒక మైక్రోగ్రాము లోపే హాని మొదలవుతుంది. తేడా పదుల వేల రెట్లు.

అందుకే నేను పంజరాలను ఇష్టపడతాను. ఎగువ వాగులో పట్టిన గామరస్‌లనో స్థానిక మేఫ్లైలనో చిన్న జాలీ డబ్బాల్లో పెట్టి, ఎగువన కొన్ని, దిగువన కొన్ని కట్టి వారం ఉంచుతాం. వాగులో వచ్చే ప్రతి ఊపూ వాటికి తగులుతుంది. ఎన్ని చచ్చాయన్నదే కాక, లోపల పెట్టిన ఆకును ఎంత తిన్నాయో తూచండి. చావడానికి చాలా ముందే తిండి మానేస్తాయి.

అడుగు మట్టిని మరచిపోకండి. పైరిథ్రాయిడ్‌లు, చాలా లోహాలు నీటిలో కొద్దిసేపే ఉండి బురదకు అంటుకుంటాయి. నీరు శుభ్రం, బురద విషం అన్న కేసులు తక్కువేమీ కాదు. బురదలో బతికే కైరోనోమస్ పిల్లలతో పది రోజుల పరీక్ష చేయవచ్చు. వాగులోనే దొరికిన కైరోనోమస్ తలలను సూక్ష్మదర్శిని కింద చూసినా లాభమే, కలుషితమైన మట్టిలో పెరిగిన వాటి నోటి పళ్ళు వంకరపోయి, ఊడిపోయి కనిపిస్తాయి. ఎగువ వాటితో పోల్చి ఎన్నింటికి అలా ఉందో లెక్కపెట్టండి.

చావకుండా జరిగే నష్టం

చిన్న చేపలు తగ్గాయన్నారు, చచ్చి తేలిన చేపలు కనిపించాయని రాయలేదు. ఆ రెండింటి మధ్య చాలా దూరం ఉంది. కెనడాలో ఆంటారియో వాయవ్యాన ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సుల్లో ఒకదానిలో 2001 నుంచి 2003 వరకు గర్భనిరోధక మాత్రల్లోని కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాములు ఉండేలా కలిపారు. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపలు కుప్పకూలి చావలేదు. మగ చేపల్లో, గుడ్లు ఏర్పడటానికి ఆడ చేపల్లో తయారయ్యే ప్రోటీన్ కనిపించింది, పిల్లలు పుట్టడం ఆగింది, కొద్ది ఏళ్ళలోనే ఆ చేప సరస్సులో దాదాపు కనుమరుగైంది. ఒక్క శవమూ లేకుండా ఒక జాతి ఖాళీ అయింది. కాబట్టి చేపల సంఖ్యతో పాటు వాటి పొడవులు కొలవండి. పెద్దవి ఉండి ఈ ఏడాది పిల్లలు లేకపోతే నష్టం పునరుత్పత్తిలో ఉంది.

వాగు చేసే పనిని కూడా కొలవవచ్చు. ఉత్తర కరోలినాలోని కొవీటా అడవుల్లో 1980లో పరిశోధకులు ఒక చిన్న వాగులో కావాలనే మెథాక్సీక్లోర్ అనే కీటకనాశిని వేశారు. కీటకాలు పెద్దఎత్తున కొట్టుకుపోయాయి. ఆకులను కొరికి ముక్కలు చేసేవారు లేక, పక్క వాగుతో పోలిస్తే ఆకులు చాలా నెమ్మదిగా కరిగాయి, దిగువ జీవులకు తిండిగా వెళ్ళే సన్నని ఆకు పొడి బాగా తగ్గింది. మీరూ చేయవచ్చు: తూచిన ఎండుటాకులను జాలీ సంచుల్లో పెట్టి, రెండు చోట్లా నెల రోజులు ఉంచి, మళ్ళీ తూచండి. ఖర్చు దాదాపు సున్నా.

ఒకవేళ చేపలు ఒక్కసారిగా చచ్చి తేలితే కారణాల చర్చ తర్వాత, ముందు నీళ్ళు పట్టండి. పురుగుమందుల పరీక్షకు గాజు సీసా, లోహాలకు ప్లాస్టిక్ సీసా, రెండూ చల్లగా, చీకట్లో. ఆక్సిజన్ అక్కడికక్కడే కొలవండి. సాధారణంగా ఆక్సిజన్ అందక చచ్చేటప్పుడు పెద్ద చేపలు ముందు పోతాయి, అదీ తెల్లవారుజామున. చిన్నవి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ నెట్టుకొస్తాయి. విషమైతే చిన్నవి ముందు, ఏ వేళలోనైనా.

కోలుకుంటుందా

ఇది మీరు చివర్లో అడిగారు. ఒకసారి వచ్చిపోయిన విషమైతే, ఎగువన ఆరోగ్యమైన వాగు ఉంటే, అనుకున్నదానికన్నా త్వరగా కోలుకుంటుంది. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర రసాయనాల గోదాము తగలబడి, ఆర్పిన నీటితో టన్నుల కొద్దీ పురుగుమందులు రైన్ నదిలో కలిశాయి. దాదాపు 400 కిలోమీటర్ల దిగువ వరకు ఈల్ చేపలు చచ్చి తేలాయి. అయినా అడుగు జీవులు జనం భయపడినంత కాలం తీసుకోకుండానే తిరిగొచ్చాయి, ఉపనదుల నుంచి, ఎగువ నుంచి. గని లోహాలు మట్టిలో పేరుకున్న వాగుల్లో ఆ అదృష్టం లేదు. గొట్టం మూసినా మట్టి వదులుతూనే ఉంటుంది.

మీ కేసులో ఏది ముందు చేయాలో చెప్పడానికి నాకు ఒక్క సమాచారం తక్కువైంది. పురుగులు, చిన్న చేపల గురించి రాశారు, నత్తల ఊసు లేదు. ఈసారి వెళ్ళినప్పుడు గొట్టం పైనా కిందా, ఒకేలా పారే చోట్ల, ఇరవై రాళ్ళు చొప్పున ఎత్తి నత్తలను లెక్కపెట్టండి, పీహెచ్ కూడా మధ్యాహ్నం పూట కొలవండి. కింద నత్తలు ఉంటే గట్టు వెంట నడిచి పిల్లకాలువల కోసం వెతకండి, తర్వాతి వానకు వల కట్టండి. అవీ లేకపోతే అడుగు మట్టిని లోహాల పరీక్షకు పంపండి, దానితో పాటు నీటి కఠినత్వం కూడా రాయించుకోండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.